వెనక పిడి

మా కొనొంగో ఊళ్ళో మగవాడు ఫుఫు మానేశాడంటే ఒంట్లో జబ్బన్నా ఉండాలి, ఇంట్లో తగవన్నా ఉండాలి. వడ్రంగం చేసే బెదియాకో మేస్త్రీ మాత్రం రెండూ లేవన్నాడు. అరగడం లేదు, అంతే, అన్నాడు. కర్రపెండలమూ అరటికాయా ఉడకేసి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దని పులుసులో ముంచి కుడిచేత్తో మింగే తిండి అది. దాని మీదే పుట్టి పెరిగిన మనిషి నిరుటి వానలు వెలిసినప్పటి నుంచి చెంచాతో అన్నం తింటున్నాడు. భార్య కొనాదు మొదట్లో ఎందుకని అడిగింది. తర్వాత అడగడం మానేసింది. మానేసిందంటే నమ్మిందనుకున్నాడు బెదియాకో. ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా ఆవిడ గురించి ఆ మాత్రం తెలుసుకోలేదు మహానుభావుడు.

అసలు సంగతి రోకలిది. వాళ్ళింట్లో ఎప్పుడూ అతను నిలబడి రోకలి వేసేవాడు, ఆవిడ రోటి పక్కన పీట మీద కూర్చుని దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి పెట్టి ముద్దని తిప్పేది. కబుర్లు చెప్పుకుంటూ, ఒకరినొకరు చూసుకోకుండానే చేసేవాళ్ళు ఆ పని. రోకలి ఎన్నడూ ఆవిడ వేళ్ళ మీద పడలేదు. ఒక సాయంత్రం అతని పిడికిలి వదులైపోయి, రోకలి ఆవిడ మణికట్టుకి వెంట్రుకవాసి దూరంలో దిగింది. ఆవిడ ముద్ద తిప్పడం పూర్తిచేసి లేచింది. ఆ మర్నాటి నుంచే అతనికి ఫుఫు అరగడం మానేసింది.

మొదట కుడిచేతి వేలికొనల్లో తిమ్మిరిగా ఉండేది. తర్వాత ఉలి జారడం మొదలైంది, చొక్కా బొత్తాం కన్నంలోకి వెళ్ళేది కాదు. వార్నిష్ కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి కుమాసీ పట్నం వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. మెడ దగ్గర నరం నలిగిపోయిందనీ, చేతిలో ఉన్న బలం ఇంకా తగ్గొచ్చు తప్ప తిరిగొస్తుందని మాటివ్వలేననీ డాక్టరు చెప్పాడు. బెదియాకో అన్నీ విని, దండం పెట్టి, వచ్చేటప్పుడు నిజంగానే ఒక డబ్బా వార్నిష్ కొనుక్కొచ్చాడు. అబద్ధమాడినా శుభ్రంగా ఆడాలని అతని పట్టుదల.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. లారీ స్టేషను దగ్గర సార్పాంగ్ అని ముసలి వడ్రంగి ఒకాయన పొద్దస్తమానం పావులాట ఆడుతూ కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఆయన వేసినవే. కళ్ళు మందగించాయని ఎవరితోనో ఒకమాట అన్నాడు, అక్కడితో సరి. జనం చెడ్డవాళ్ళేం కాదు. దారిన పోతూ ఆగి పలకరిస్తారు, బాగున్నావా తాతా అంటారు, ఒక నారింజపండు చేతిలో పెట్టి పోతారు. చెక్కముక్క మాత్రం ఎవ్వరూ ఇవ్వరు. ఆ నారింజపండు తన చేతిలో పడే రోజు రాకూడదనుకున్నాడు బెదియాకో.

అందుకని దాచాడు. మావాళ్ళలో చెయ్యి దాచడం తేలికైన పని కాదు. ఎడమచేత్తో ఇవ్వడం తప్పు, పుచ్చుకోవడం తప్పు, ఆఖరికి ఎవరికైనా దారి చూపించడం కూడా తప్పే. కుడిచేతిలో ఏదైనా ఉంటే మాత్రం, "ఎడంచెయ్యి, ఏమనుకోకండి" అని చెప్పి కానివ్వచ్చు. ఆ సందులోంచి దూరాడు బెదియాకో. పొద్దున లేచింది మొదలు కుడిచేతి వేళ్ళ మధ్య మడత కొలబద్ద ఒకటి ఇరికించుకుని తిరిగేవాడు. బజారుకెళ్ళినా అదే, చావు పలకరింపుకెళ్ళినా అదే. మేస్త్రీకి కొలబద్ద చేతికి మొలిచిందని బజారులో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనిమ్మన్నాడు.

ఇక పని. కోత మిల్లులో అయిపోయేది, చిత్రిక పట్టడానికి కూలి మనిషిని పెట్టుకున్నాడు. కానీ బందులు బిగించి తలుపు నిలబెట్టడం మాత్రం ఇంకొకళ్ళ చేతికి ఇచ్చే పని కాదు. అతని పేరు నిలిచిందే అందులో. బెదియాకో నిలబెట్టిన తలుపుని చిటికెన వేలితో తోస్తే చప్పుడు లేకుండా వెళ్ళి మూతపడుతుంది. ఇప్పుడు చర్చికి ఒడుమ్ కర్రతో పెద్ద తలుపు ఒకటి చేశాడు. ఒడుమ్ రాయిలాంటి కర్ర, ముందు కన్నం వెయ్యందే మర దిగదు. ఆ తలుపు తన చేత్తో నిలబెట్టాలి. నిలబెట్టాక, అప్పుడు తనే నలుగురిలో చెప్పేస్తాడు, చెయ్యి పోయింది గానీ పని పోలేదు చూడండి అని. అతని లెక్క అది.

ఆ లెక్క ఉత్త ఆశ కూడా కాదు. మధ్యాహ్నం కూలి మనిషి తిండికి పోయాక, షెడ్డు తలుపు దగ్గరికి వేసుకుని ఎడమచేతికి పని నేర్పుతున్నాడు. అతని దగ్గర పాత బ్యాటరీ డ్రిల్లు ఒకటుండేది, తుపాకీలా వెనకవైపు పిడి ఉన్నది. అలాంటిదాన్ని పట్టుకుంటే అరచెయ్యి సరిగ్గా కన్నం వేసే బిట్టుకి వెనకాల ఉంటుంది. వేళ్ళతో బిగించి పట్టక్కర్లేదు, భుజం ఆనించి నెడితే చాలు. ముక్కు మాత్రం బారుగా, బరువుగా ముందుకి వాలుతుంది. వాలనీ. ఆ బారు ముక్కు కింద కుడిచెయ్యి వెల్లకిలా పెడితే దాని మీద ఆనుతుంది. ఏమీ పట్టుకోలేని చెయ్యి కూడా అంత బరువు మోయగలదు. మొదట్లో కన్నాలు అడ్డదిడ్డంగా పడ్డాయి. తర్వాత కాస్త వంకరగా పడ్డాయి. ఒక మధ్యాహ్నం తిన్నగా పడింది, దాని పక్కన ఇంకోటి తిన్నగా పడింది. బెదియాకో ఆ చెక్కని మోకాళ్ళ మీద పెట్టుకుని ఆ రెండు కన్నాల్నీ తడిమి చూశాడు. చచ్చిపోయిందనుకున్న కుడిచేతికి కూడా ఒక పని దొరికినందుకు కళ్ళు చెమర్చాయి.

ఆ ఊపు మీద ఆపకుండా కన్నాలు వేస్తుంటే పాత డ్రిల్లు ఒకరోజు కాలిన వాసన వేసి ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు ఇంకోలా అనుకున్నారు. చర్చికి ఊరికే బల్లలు చేసి పెట్టాడు కదా, ఆ చాకిరీకి పాపం మిషను కాలిపోయిందన్నారు. చర్చి మహిళా సంఘం వాళ్ళు సమావేశం పెట్టి, మేస్త్రీకి కొత్త డ్రిల్లు బహుమానంగా ఇద్దామని తీర్మానం చేశారు. కొనాదు ఆ సమావేశంలోనే ఉంది. ఇంటికొచ్చి చెంగు దులుపుకుంటూ చెప్పింది: పొకువా అక్క కొట్లో రెండు రకాలున్నాయట, రెండూ ఆదివారం చర్చికి తెస్తారట, అందరి ముందూ ఆయన చేతికి ఏది కుదిరితే అది ఇస్తారట, రెండోది కొట్టుకి వెనక్కి పోతుందట. చెబుతున్నంతసేపూ మొగుడి మొహం చూడకుండా స్టవ్వు తుడిచింది.

మర్నాడే పొకువా కొట్టుకి వెళ్ళాడు. పొకువా మహిళా సంఘానికి అధ్యక్షురాలు, ఊళ్ళో మేకులూ మరలూ అమ్మే పెద్ద కొట్టు ఆవిడదే. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఆవిడ నవ్వితే కొట్లో రేకులు మోగుతాయి. రెండు డ్రిల్లులూ గాజు బీరువాలో పక్కపక్కనే పెట్టింది. ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకటే బ్యాటరీ, ఒకటే బలం. తేడా అంతా పిడిలోనే. ఒకదానికి పాతదానికి మల్లే పిడి వెనకుంది. రెండోదానికి నడిమధ్యన ఉంది, మోటారు వెనక్కీ బిట్టు ముందుకీ సమానంగా నిలబడేలా.

"ఎడంచెయ్యి అక్కా, ఏమనుకోకు," అని కొలబద్ద కాస్త పైకెత్తి చూపించి, ముందు నడిమి పిడి దాన్ని పట్టుకున్నాడు. తూకంగా ఉంది, ముక్కు వాలదు. కానీ భారమంతా వేళ్ళ మీదే ఉంది. ఎడమచేతి వేళ్ళు దాన్ని నిలబెట్టలేక మణికట్టు పక్కకి తిరిగిపోయింది. కుడిచెయ్యి ఆనిద్దామంటే ముందు భాగం పొట్టి, చెయ్యి పెట్టే చోటే లేదు, వెంటనే బిట్టు. దించేసి వెనక పిడి దాన్ని అందుకున్నాడు. అరచెయ్యి వెళ్ళి దాని చోట అది కూర్చుంది. పొకువా అటు తిరిగి ఎవరికో మరలు పొట్లం కడుతున్నప్పుడు, కొలబద్దతో సహా కుడిచేతిని ముక్కు కింద ఆనించి చూశాడు. ఆనింది. ఊపిరి వదిలాడు.

ఇదే బాగుంది అక్కా, ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే ఇచ్చెయ్యకూడదా అనడిగాడు.

"బాగుంది నీ వరస," అంది పొకువా. "ఆడవాళ్ళందరూ కొత్త బట్టలు కుట్టించుకుంటుంటే నువ్వు గుట్టుచప్పుడు కాకుండా సంచిలో వేసుకు పోతావా? ఆదివారం అందరి ముందూ రెండూ పట్టుకు చూడు. ఒక్కో కన్నం వెయ్యి. నచ్చింది తీసుకో. మేమూ చూసి సంతోషిస్తాం కదా తమ్ముడూ."

బెదియాకో దాన్ని గాజు బల్ల మీద పెట్టి, మళ్ళీ ఒకసారి పట్టుకుని, మళ్ళీ పెట్టాడు. ఇల్లు చేరేలోపు మొత్తం పథకం వేసుకున్నాడు. కుడిచేతిలో కొలబద్ద ఉంటుంది. ఎడంచెయ్యి, ఏమనుకోకండి అంటాడు. వెనక పిడి దాన్నే ముందు తీసుకుని, భుజం ఆనించి, ముక్కు కింద చెయ్యి పెట్టి, ఒక్క కన్నం వేసి, ఇదే చాలు అనేస్తాడు. రెండోదాన్ని ముట్టుకోనే ముట్టుకోడు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద అందరూ చేరారు. మహిళా సంఘం వాళ్ళు ఒకే రకం గుడ్డతో కుట్టించుకున్నవి వేసుకొచ్చారు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి డ్రిల్లులు రెండూ పెట్టారు, పక్కన ఒడుమ్ పలక ఒకటి రెండు స్టూళ్ళకి బిగించి ఉంచారు. పొకువా ఉపన్యాసం ఇచ్చింది. బల్లల గురించీ, బెదియాకో మంచితనం గురించీ, పాత డ్రిల్లు త్యాగం గురించీ చెప్పింది. ఆ చివరి మాటకి బెదియాకో తల వంచుకున్నాడు. అందరూ వినయం అనుకున్నారు.

ప్రార్థన చెయ్యడానికి చర్చి పెద్ద అమోవా లేచాడు. లారీ నడిపి నడిపి ఇంజను మోతని మించి మాట్లాడ్డం అలవాటైన మనిషి. కళ్ళు మూసుకోబోతూ బెదియాకో చేతికేసి చూశాడు.

"ఏరా, దేవుడి ఇంట్లో బహుమానం పుచ్చుకునేటప్పుడు కూడా ఆ కర్రముక్కేనా? ఇటియ్యి."

ఇచ్చేదాకా ఆగలేదు, తనే లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. జనం నవ్వారు. ప్రార్థన మొదలైంది. డ్రిల్లుల్ని దీవించాడు, వాటితో చేసే తలుపుల్ని దీవించాడు, ఆ తలుపుల్లోంచి రాబోయేవాళ్ళని కూడా దీవించాడు. అంతసేపూ బెదియాకో కుడిచెయ్యి పక్కన ఖాళీగా వేలాడుతోంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఖాళీ కుడిచెయ్యి ఉంచుకుని, చర్చి పెద్ద ముందు, దీవించిన వస్తువుని ఎడమచేత్తో అందుకునే మనిషి మావాళ్ళలో ఇంకా పుట్టలేదు. ఆమెన్ అన్నారందరూ. 

పొకువా రమ్మంది. బల్ల దగ్గరికి వెళ్ళాడు. రెండిటినీ చూశాడు. రెండూ మంచివే అన్నాడు. కళ్ళతో చూస్తే ఎలా తెలుస్తుంది, పట్టుకోమన్నారు. తెల్ల చొక్కా, పొట్టు పడుతుందన్నాడు. ఇంట్లో సబ్బు లేదా అని వెనకనుంచి ఎవరో అంటే నవ్వులు.  చెయ్యెత్తు, అని తన చేతికి తనే చెప్పుకున్నాడు. అది భుజం దగ్గర కాస్త కదిలింది. పట్టుకోవాల్సిన వేళ్ళు మాత్రం ఎవరివో అన్నట్టు ఊరుకున్నాయి. అరిచి చెప్పాలనిపించింది, పారిపోవాలనిపించింది, ఏదీ చెయ్యలేక అలాగే నిలబడ్డాడు. నవ్వులు సన్నబడ్డాయి.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి కొనాదు లేచింది. నడుముకి గుడ్డ బిగించి కట్టుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది.

"మా ఇంట్లో గిన్నె కొన్నా రోలు కొన్నా పట్టుకు చూసేది నేనే," అంది అందరికీ వినబడేలా. "ఈయనకి కంటికి నచ్చితే చాలు. ఇంటికి తెచ్చాక చిల్లు కనబడుద్ది. జరుగు మేస్త్రీ, నేను చూస్తా."

షామియానా అంతా గొల్లుమంది. అమోవా పెద్దాయన జేబులోంచి కొలబద్ద తీసి, ఇకనుంచి ఇది కూడా ఆవిడకే ఇవ్వాలన్నాడు. గండం ఇంత తేలిగ్గా దాటిందా అనుకుంటూ బెదియాకో ఓ అడుగు పక్కకి జరిగాడు. ఆవిడ ఏదో ఒకటి తీసి చూపించి, ఇది బాగుందంటుంది, అంతే. వెనక పిడిది తియ్యి అని మనసులో బతిమాలుకున్నాడు. ఆవిడ దాన్నే ముందు తీసింది కూడా. పలక మీద ఆనించి స్విచ్చి నొక్కింది. ముక్కు కిందికి వాలింది, కన్నం పక్కకి పోయింది.

"ముక్కు బరువు," అని పెట్టేసింది.

నడిమి పిడిది తీసుకుంది. వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచింది. ఎత్తి చూసింది, దించి చూసింది. కన్నం వేసింది. తిన్నగా పడింది. ఇంకోటి వేసింది. రోకలి కొనేటప్పుడు ఆవిడ అలాగే చూస్తుంది, తొందరపడదు. అప్పుడు అర్థమైంది బెదియాకోకి. ఇది వేషం కాదు. ఆవిడ నిజంగానే ఎంచుతోంది. కన్నాలు ఇక తనే వెయ్యడానికి, తన చేతికి ఎంచుకుంటోంది. ఆవిడకి అంతా తెలుసు, ఎప్పట్నుంచో తెలుసు. ఎడమచేతి సంగతి ఒక్కటే తెలియదు.

"ఇది కుదిరింది," అంది కొనాదు.

పొకువా ఊరుకోలేదు. ఆవిడకి న్యాయం ఎక్కువ.

"అదేంటి తమ్ముడూ, మొన్న కొట్లో నువ్వు ఆ వెనక పిడి దాన్ని వదల్లేదుగా. పెళ్ళాం చెప్పిందని మొహమాటపడకు. నీకు అది కావాలంటే ఇప్పుడే చెప్పు."

అందరూ అతనికేసి చూశారు. కొనాదు కూడా చూసింది. ఆవిడ నవ్వుతూనే ఉంది గానీ, డ్రిల్లు పట్టుకున్న పిడికిలి నరాలు తేలేంత గట్టిగా బిగించింది. అతను ఇప్పుడు చెయ్యి చాపుతాడేమో, అందరి ముందూ జారవిడుస్తాడేమో అని ఆవిడ భయం. అది అతనికి కనబడింది. అక్కా, అదే కావాలి అనాలి. అంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే, నలుగురిలో తన పరువు కాచిన మనిషిని ఆ నలుగురిలోనే కాదనాలి.

"ఇదే బాగుందక్కా," అన్నాడు. "ఆవిడ చూసిందే ఖాయం."

చప్పట్లు కొట్టారు. వెనక పిడిది కొట్టుకైనా తిరిగి పోలేదు. మా అల్లుడు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నాడని అమోవా పెద్దాయన అక్కడికక్కడే దాన్ని తీసేసుకున్నాడు. పెట్టెలో పెట్టించి, చంకన పెట్టుకుని, కొలబద్ద తిరిగిచ్చి వెళ్ళిపోయాడు. ఇంకోటి కొనుక్కోవచ్చుగా అంటారు మీరు. చర్చి మొత్తం చూస్తుండగా పెళ్ళాం ఎంచినదాన్ని ఇంట్లో పెట్టుకుని, మళ్ళీ కుమాసీ వెళ్ళి అలాంటిదే కొనుక్కొచ్చిన మొగుడు ఆవిడకి ఏ సంజాయిషీ ఇస్తాడో మీరే చెప్పండి.

ఇంటికి నడిచి వెళ్తుంటే డ్రిల్లు పెట్టె కొనాదు నెత్తిన ఉంది. దారిలో జనం పలచబడ్డాక ఆవిడే మొదలుపెట్టింది.

"రోకలి పడ్డ రోజే తెలుసు నాకు. నువ్వే చెప్తావని చూశా. నువ్వు చెప్పేలోపు ఫుఫు వాసన కూడా మర్చిపోయేలా ఉన్నావని ఇక నేనే లేచా."

అతను నడక తగ్గించాడు.

"రేపట్నుంచి పొద్దున వంట త్వరగా ముగించుకుని షెడ్డుకొస్తా. నువ్వు గీత గియ్యి, నేను కన్నం వేస్తా. ఎవరన్నా అడిగితే మొగుడూ పెళ్ళాల ముచ్చట అనుకుంటారు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లా. ఆ మిషను చూశావుగా, గరిటె పట్టుకున్నట్టే ఉంది నా చేతికి."

ఆవిడ గొంతులో అంత తేలిక విని చాలా రోజులైంది. ఇన్నాళ్ళూ ఈ భారం తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు. అటువైపు ఆవిడా మోస్తూనే ఉంది, ఇవాళ దించుకుంది. ఇప్పుడు చెప్పాలి. షెడ్డులో తలుపు వెనక ఒక చెక్క ఉందని, దాని నిండా ఎడమచేత్తో వేసిన కన్నాలున్నాయని, చివరి వరసవి అన్నీ తిన్నగా ఉన్నాయని చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ ఇక్కడే ఆగిపోతుంది. నెత్తిన పెట్టె దించి, దానికేసి చూస్తుంది. ఆ చూపు తట్టుకోవడం తన వల్ల కాదు.

"మంచిదే చూశావు," అన్నాడు. వచ్చిన మాట అదొక్కటే.

సోమవారం పొద్దున చర్చి ముందు గుమ్మంలో ఆ పెద్ద తలుపుకి కింద చెక్క చీలికలు పెట్టి ఎత్తు సరిచూశారు. ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని ఒడుమ్ గుమ్మం చెక్క మీద బందు కన్నాలకి గుర్తులు పెట్టాడు బెదియాకో. అడిగేవాళ్ళెవరూ లేరు గనక కొలబద్ద ఇంట్లోనే వదిలేశాడు. కొనాదు నడుం బిగించి డ్రిల్లు అందుకుంది. గుర్తు మీద బిట్టు మొన పెట్టి, ఇక్కడేనా అనడిగి, స్విచ్చి నొక్కింది. ఒడుమ్ గట్టిదనం మొదటి దెబ్బకే తెలిసింది. మొన జారి పక్కకి నడవబోయింది. ఆవిడ పెదవి కొరుకుతూ నెట్టింది.

బెదియాకో ఆలోచించలేదు. కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఆ మధ్యాహ్నాలన్నీ నేర్చుకున్న చోటుకి, ముక్కు ఆనాల్సిన చోటుకి, వెల్లకిలా వెళ్ళింది. అక్కడ ఆనడానికి ఏమీ లేదు. తిరుగుతున్న బిట్టు ఉంది.

"చెయ్యి తియ్యి," అంది కొనాదు, పని మీంచి కళ్ళెత్తకుండా. "తగులుద్ది."

రోటి దగ్గర ఇన్నేళ్ళలో అతను ఆవిడతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. బెదియాకో చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కన్నం తిన్నగానే పడింది.